ఎక్స్ బద్దల అతుకు

రెండు స్ప్రూస్ చెక్క బద్దలూ ఒకదాన్లో ఒకటి దిగి కూర్చున్నాయి. గట్టిగా నొక్కలేదు, వేలితో ఆనించానంతే.

గిటార్ పైపలకకు ఊతంగా లోపల ఎక్స్ ఆకారంలో ఉండే బద్దలివి. ఒకదానికి పైనుంచి, రెండోదానికి కిందనుంచి సగం ఎత్తు వరకు గాడి తీయాలి. ఉలితో పల్చటి పొర లేపడం, పెట్టి చూడడం, మళ్లీ లేపడం. సందులోంచి వెలుతురు కనబడితే పని కానట్టే.

స్టీల్ తీగలు శ్రుతి చేస్తే దాదాపు 70 కిలోల లాగుడు. పలక మందమేమో 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూ! అందుకే పైకి తెరుచుకున్న గాడి మీద చిన్న చెక్కముక్క కూడా అతికిస్తాను. గుడ్డముక్క చాలంటారు కొందరు, నాకు చెక్క మీదే నమ్మకం.

వాయించేవాళ్లకు ఇదేదీ కనబడదు, పైపలకలోని గుండ్రటి రంధ్రంలో (సౌండ్‌హోల్) అద్దం పెట్టి చూస్తే తప్ప. అయినా గిటార్ పని మొత్తంలో నాకిష్టమైంది ఇదే. రేపు బద్దల చివర్లు పలచన చేయాలి.