జాతరకు ముందు, జేబు కెమెరా గురించి

వేసవి సెలవులు కనుక ఈ రోజు ఇంటి పని తొందరగా ముగించుకుని, చాలాకాలంగా వాయిదా వేస్తూ వచ్చిన ఒక విషయాన్ని తేల్చుకోవడానికి కూర్చున్నాను. తిరుపతి గంగజాతర చాటింపు దగ్గర పడుతోంది. ఈసారి కూడా పాత కెమెరాతోనే వెళ్ళాలా, లేక దానిని మార్చాలా అన్నది జాతర మొదలయ్యేలోపే నిర్ణయించుకోవాలి, ఎందుకంటే కొత్త కెమెరాకు చేయి అలవాటు పడటానికి కొన్ని రోజులైనా కావాలి.

నా దగ్గర ఉన్నది కానన్ పవర్‌షాట్ ఎస్95. 2010లో వచ్చిన మోడల్. బడిలో డ్రాయింగ్ నేర్పేదానిని కాబట్టి ఫొటోలు నాకు జ్ఞాపకాల కన్నా ముందు పాఠానికి ఆధారాలు. జాతరలో భక్తులు వేసే వేషాలలో, బైరాగి వేషానికి ఒంటినిండా పూసే తెల్లటి సుద్ద, బండ వేషపు కుంకుమ ఎరుపు, తోటి వేషపు బొగ్గు నలుపు, దొర వేషపు గంధం వన్నె మనిషి ఒంటి మీద ఎలా కనబడతాయో, వెలుగు పడిన చోట ఎలా మారతాయో పిల్లలకు చూపించాలంటే మాటలు చాలవు. శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసేవాళ్ళ చేతులు, కలం పట్టే తీరు చూపించడానికీ ఈ కెమెరానే వాడతాను.

ఈ కెమెరాలో నాకు నచ్చనిదంటూ పెద్దగా లేదు. మందం 30 మి.మీ., బరువు 200 గ్రాముల లోపు, లెన్సు చుట్టూ తిప్పుకోవడానికి ఒక కంకణం. ఆ కంకణం తిప్పితే నేను పెట్టుకున్నట్లుగా జూమ్ గానీ, వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే ఐఎస్ఓ గానీ మారుతుంది. వెలుగును బొమ్మగా పట్టే సెన్సర్‌ది కోటి పిక్సెళ్ళే అయినా, అంగుళానికి 300 చుక్కల లెక్కన 12 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తు ప్రింటు వస్తుంది, తరగతి గోడకు తగిలించడానికి అంతకన్నా పెద్దది నాకు అవసరం లేదు. కాబట్టి పిక్సెళ్ళు పెరుగుతాయన్న కారణంతో మాత్రం నేను కెమెరా మార్చను. అంగళ్ళలో మొదట చెప్పేదీ, ఎక్కువసార్లు చెప్పేదీ ఆ మాటే.

అసలు ఇబ్బంది ఎక్కడుందో చూద్దామని ఉదయం పాత జాతర ఫొటోలన్నీ కంప్యూటర్‌లో తెరిచాను. పగటి ఫొటోలు ఈనాటికీ బాగానే ఉన్నాయి. ఒంటికి బొగ్గు పూసుకుని, మెడలో వేపాకు దండ వేసుకుని నిలబడిన ఒక పిల్లవాడి ఫొటో ఉంది. భుజం మీద చెమట జారిన చోట బొగ్గు తొలగి చర్మం గీతలాగా కనబడుతోంది, వేపాకు అంచున ఉండే రంపపు పళ్ళు కూడా లెక్కపెట్టవచ్చు. కెమెరా తనంతట తాను వెలుగును కొలుచుకుంటే నలుపును బూడిద రంగు చేసేస్తుంది కనుక, అక్కడ ఒక స్టాప్, అంటే వెలుగును సగానికి, తగ్గించి తీశాను, నలుపు నలుపుగానే నిలిచింది. అదే పిల్లవాడిని సాయంత్రం తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర దీపాల వెలుగులో తీసిన ఫొటోలో ఇవేమీ లేవు. ఐఎస్ఓ 800 దగ్గరే బొగ్గు నలుపులో ఎరుపు, పచ్చ చుక్కలు లేచాయి. షట్టరు సెకనులో 30వ వంతుకు పడిపోయింది కాబట్టి, ఎగిరే కాలు కాస్తా ఒక మసక చారగా మిగిలింది.

శ్రీకాళహస్తి ఫొటోలలోనూ ఇదే కథ. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ లేత పసుపు వన్నెలో ఉంటుంది. బెల్లమూ ఇనుమూ నానబెట్టి చేసిన కసిమిలో కలం ముంచి ఆ గుడ్డ మీద గీత గీస్తే, కరక్కాయలోని వగరు పదార్థంతో ఇనుము కలిసి అది నల్లగా తేలుతుంది. నాకు కావలసింది ఆ కలం మొనకు చుట్టిన గుడ్డ, దాని మీద వేళ్ళు నొక్కే తీరు. పనిచేసేవారి చేతికి అడ్డం పోకుండా కాస్త దూరం నుంచి జూమ్ చేసి తీయాలి. లెన్సు ఎంత తెరుచుకుంటుందో చెప్పేది ఎఫ్ అంకె, అది పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది. జూమ్ చివరికి వచ్చేసరికి ఎస్95లో అది ఎఫ్ 2 నుంచి ఎఫ్ 4.9కి వెళ్ళిపోతుంది, అంటే మొదట అందిన వెలుగులో ఆరో వంతు మాత్రమే లోపలికి వస్తుంది. ట్యూబ్‌లైట్ కింద అది ఏమాత్రం చాలదు.

కాబట్టి నా అవసరం ఒక్కటే: వెలుగు. ఇది తేలిన తరువాత మిగిలిన లెక్కలన్నీ సులువయ్యాయి.

చెన్నైలో ఉద్యోగం చేసే మా అన్న కొడుకుకు ఫోన్ చేశాను. వాడికి ఈ విషయాలు బాగా తెలుసు. "అత్తా, ఎత్తుకునేదైతే సోనీ ఆర్‌ఎక్స్100లో ఏడోది ఎత్తుకో, మధ్యలో ఆగొద్దు. 24 నుంచి 200 దాకా జూమ్ వస్తాది" అన్నాడు. ఆ అంకెలు మిల్లీమీటర్లలో, అంకె పెరిగేకొద్దీ దూరంలోనిది దగ్గరగా కనబడుతుంది. వాడు చెప్పింది మంచి కెమెరాయే. 2012లో మొదటిది వచ్చినప్పటి నుంచి ఆ వరుసలో అన్నిటికీ ఒక అంగుళం రకం సెన్సరే ఉంది, పేరుకు అంగుళమే గానీ కొలతకు 13.2 మి.మీ. వెడల్పు, 8.8 మి.మీ. ఎత్తు. వైశాల్యంలో అది నా కెమెరా సెన్సరుకు రెండున్నర రెట్లకు పైగా ఉంటుంది. అయితే ఆరో, ఏడో మోడళ్ళలో అంత పొడవైన జూమ్ కోసం లెన్సు వెలుగును తగ్గించుకోవలసి వచ్చింది. జూమ్ చేయని వెడల్పు కోణంలో కూడా అది ఎఫ్ 2.8 తోనే మొదలవుతుంది. నా ఎస్95 అక్కడ ఎఫ్ 2, అంటే రెండింతల వెలుగు. సెన్సరు వల్ల వచ్చిన లాభంలో సగం లెన్సు దగ్గరే పోతే, ఇంత ఖరీదు పెట్టి జాతర సాయంత్రాల్లో నేను పొందేది మూడో వంతు అదనపు వెలుగు మాత్రమే. దూరాన కొండ మీది గాలిగోపురాన్ని దగ్గరగా చూపించాలనుకునేవారికి ఆ కెమెరా సరిగ్గా సరిపోతుంది. నేను తీసే మనుషులు నాకు రెండడుగుల దూరంలోనే ఉంటారు.

2014లో వచ్చిన మూడో మోడల్ సంగతి వేరు. జూమ్ 24 నుంచి 70 వరకే, కానీ లెన్సు ఎఫ్ 1.8 నుంచి ఎఫ్ 2.8 మధ్యనే ఉంటుంది. వెడల్పు కోణంలో సెన్సరు లాభం, లెన్సు లాభం రెండూ కలిపితే ఎస్95 కన్నా మూడు రెట్ల వెలుగు. అదే దీపాల వెలుగులో, అంతే చుక్కలతో, షట్టరును సెకనులో 90వ వంతు దాకా తేవచ్చు. ఎగిరే కాలు నిలవడానికి అది చాలావరకు సరిపోతుంది. రెండు కెమెరాలనూ జూమ్ చివరలో పోలిస్తే తేడా ఇంకా ఎక్కువ, ఎఫ్ 4.9కూ ఎఫ్ 2.8కూ మధ్య మూడింతలు, దానికి సెన్సరు లాభం కలిస్తే సుమారు ఎనిమిది రెట్లు. ఎస్95లో 105 వరకూ వెళ్ళే జూమ్ ఇందులో 70 దగ్గరే ఆగిపోతుందన్న లోటు ఉంది. కలంకారీ పనివారి దగ్గర స్టూలు ఇంకొంచెం ముందుకు జరుపుకుంటే ఆ లోటు తీరుతుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన, "ఫోన్ ఉంది గదా, అది చాలదా?" అని అడిగారు. అది తీసిపారేయవలసిన ప్రశ్న కాదు. నేటి ఖరీదైన ఫోన్లలో ప్రధాన సెన్సరు నా ఎస్95 సెన్సరు కన్నా పెద్దది, అంగుళం రకం సెన్సరు పెట్టిన ఫోన్లు కూడా వచ్చాయి. కానీ ఫోన్ రాత్రిపూట చాలా ఫొటోలు వరుసగా తీసి, వాటిని కలిపి ఒకటి చేస్తుంది. ఆ పద్ధతి కదలని గోపురానికి బాగుంటుంది, కదిలే మనిషికి ఒక్కోసారి చేయి రెండుగా కనబడుతుంది. అంతకన్నా నన్ను బాధపెట్టేది, అది చీకటిని చీకటిగా ఉంచకపోవడం. బొగ్గు పూసుకున్న ఒంటిని అది వెలిగించి బూడిద రంగులోకి తెస్తుంది. నలుపును పిల్లలకు చూపించడానికే ఆ ఫొటో తీస్తున్నప్పుడు, ఆ నలుపే పోతే ఇక ఫొటో ఎందుకు?

రికో జీఆర్ 3 గురించి కూడా ఆలోచించాను. సెన్సరు వైశాల్యం నా దానికి ఎనిమిది రెట్లకు పైన, మందం 33 మి.మీ. మాత్రమే. జేబు కెమెరాలలో ఇంత పెద్ద సెన్సరు అరుదు. అయితే దానికి జూమ్ లేదు, 28 మి.మీ. ఒక్కటే. కలంకారీ చేతుల కోసం మళ్ళీ వేరొకటి వెతుక్కోవాలి. కుంకుమ, సుద్ద, బొగ్గు గాలిలో ఎగిరే జాతరలోకి, దుమ్ము రాకుండా కట్టుదిట్టం లేని కెమెరాను తీసుకెళ్ళాలంటే భయం వేస్తుంది. సోనీకీ ఆ రక్షణ లేదన్నది నిజమే, కానీ అంత ఖరీదు పెట్టిన దానిని ఆ గుంపులోకి తీసుకెళ్ళేటప్పుడు చేయి వణుకుతుంది.

ఎండ తగ్గాక గాంధీ రోడ్డు వైపు వెళ్ళి, వాడిన కెమెరాలు కూడా అమ్మే ఒక అంగట్లో మూడో మోడల్‌ను చేత పట్టి చూశాను. అంగడి వీధిలోకి తీసుకొచ్చి, పైనున్న చిన్న వ్యూఫైండరును పైకి లేపి, వెనక్కి లాగి, కన్ను పెట్టి చూసిన క్షణంలోనే సగం నిర్ణయం అయిపోయింది. మే నెల తిరుపతి ఎండలో ఎస్95 వెనక తెర కనబడక, అంచనాగా గురి చూసి ఎన్నో ఫొటోలు తీశాను. ఇందులో వీధి ఎండ అడ్డం రాకుండా, ఎదురుగా ఉన్న పూల దుకాణం, దండ కట్టే వేళ్ళు స్పష్టంగా కనబడ్డాయి.

వాడిన కెమెరా కాబట్టి తొందరపడలేదు. లెన్సును ఎఫ్ 11కి మూసి తెల్ల గోడను తీసి, సెన్సరు మీద దుమ్ము మచ్చలు ఉన్నాయేమో పెద్దది చేసి చూశాను. న్యూస్‌పేపరును గోడకు అంటించి, నాలుగు మూలల్లోనూ అక్షరాలు ఒకే తీరుగా ఉన్నాయా అని చూశాను, ఒక మూల మెత్తబడితే కెమెరా ఎక్కడో కింద పడిందని అర్థం. జూమ్ మోటారు చప్పుడు సాఫీగానే ఉంది. బ్యాటరీ ఉబ్బలేదు. ఆ బ్యాటరీ రకం మొదటి మోడల్ నుంచి ఏడో మోడల్ దాకా ఒకటే, కనుక అదనంగా ఒకటి కొనుక్కోవడం కష్టం కాదు. "మేడం, ఇప్పుడు చిన్న కెమెరాలు మళ్ళీ అడగతా ఉండారు, పిల్లలు వచ్చి ఎత్తుకోని పోతా ఉండారు" అని అంగడాయన అన్నాడు. అది బేరం కోసం అన్న మాట కాదని నాకు తెలుసు. లెన్సు విడిగా ఊడని కెమెరాలు 2010లో ప్రపంచవ్యాప్తంగా పది కోట్లకు పైగా కంపెనీల నుంచి బయటికి వెళితే, 2023లో ఆ సంఖ్య ఇరవై లక్షల లోపుకు పడిపోయింది. చేసే కంపెనీలు తగ్గి, కోరేవారు మళ్ళీ పెరుగుతున్నప్పుడు, మంచి స్థితిలో ఉన్న పాతది ఎక్కువ రోజులు అల్మారాలో ఉండదు.

అయినా అక్కడికక్కడే డబ్బు ఇవ్వలేదు, ఒక సందేహం మిగిలింది. మూడో మోడల్ మందం 41 మి.మీ., బరువు 290 గ్రాములు. చీర కట్టుకున్నప్పుడు సంచిలో వేసుకుంటాను, జాతరకు మాత్రం కుర్తా వేసుకుని, దానికి కుడిచేతి వైపు పెట్టించుకున్న జేబులోనే కెమెరా ఉంచుకుంటాను. జాతర గుంపులో సంచి జిప్పు తీసి కెమెరా బయటికి తెచ్చేలోపు వేషం వేసినవాళ్ళు దాటిపోతారు. చిన్న కెమెరా చేతిలో ఉంటే ఎవరూ బిగుసుకుపోరు, తమ ధ్యాసలో తాము ఉంటారు. ఆ లాభం జేబు మీదే ఆధారపడి ఉంది.

అంగడాయన నమ్మకం మీద కెమెరాను ఒక గంటకు ఇచ్చాడు. కొర్లగుంటలో మా బట్టలు కుట్టే చెల్లెలి దగ్గరికి తీసుకెళ్ళి, కొత్త కుర్తా గుడ్డతో పాటు దానినీ బల్ల మీద పెట్టాను. ఆమె టేపు పెట్టి మూడు వైపులా కొలిచి, చేతిలో తూచి చూసి, "ఇంత బరువు పెడితే జోబు కిందికి లాగేస్తాది అక్కా, లోపల గట్టిగుడ్డ వెయ్యాల. పై అంచు నడుము కుట్టుకు పట్టించేస్తే లాగదు" అంది. పాత కుర్తా జేబులో దానిని పెట్టి నడిచి చూశాను. నడకలో తొడకు తగులుతోంది గానీ, కిందికి వంగినప్పుడు జారలేదు. తీసేటప్పుడు లెన్సు చుట్టూ ఉన్న కంకణం జేబు అంచుకు పట్టుకుంటోంది. దానికి ఆమె జేబు నోరు ఏటవాలుగా కత్తిరిస్తానని, అంగుళం వెడల్పు పెంచుతానని చెప్పింది. నాకు కావలసిన జవాబు అదే.

తిరిగి వచ్చి అంగట్లో అడ్వాన్సు ఇచ్చాను. మిగిలిన డబ్బు సోమవారం బ్యాంకు నుంచి తీసి ఇవ్వాలి. ఎస్95ని అమ్మడం లేదు. పగటి వెలుగులో అది ఇప్పటికీ ఏ లోటూ లేని కెమెరా. బడి తెరిచాక దానిని డ్రాయింగు తరగతికి ఇచ్చేస్తాను. పిల్లలు ఆవరణలోని వేపచెట్టును, బడి ముందు ఆగే ఆటోలను, ఇంటి దగ్గర ముగ్గులను తామే తీసుకుని గీసుకోవచ్చు. దానికి కొత్త బ్యాటరీ ఒకటి, మెడలో వేసుకోవడానికి గట్టి తాడు ఒకటి కొనాలి. రేపు శ్రీకాళహస్తికి ఫోన్ చేసి, కొత్త కెమెరాతో ఒక పూట వచ్చి కూర్చోవచ్చా అని అడగాలి. జాతర కన్నా ముందు ఆ చేతుల దగ్గర దీని జూమ్‌ను పరీక్షించుకోవడం మంచిది.