ఒంగోల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్ పోటీ పెట్టాలంటే

స్పీడ్ స్కేటింగ్ పోటీ పెట్టడం పెద్ద కష్టమేం కాదు. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే రోడ్డు, కొన్ని కోన్లు, స్టాప్‌వాచ్‌లు పట్టుకున్న పీఈటీలు ఉంటే గడిచిపోతుంది. మా అమ్మాయి నేర్చుకునేది ఆర్టిస్టిక్. టీవీలో మంచు మీద ఫిగర్ స్కేటింగ్ చూస్తుంటాం కదా, దాదాపు అదే, చక్రాల మీద. 2010 గ్వాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన హైదరాబాదీ అనూప్ కుమార్ యామా రెండు కాంస్యాలు తెచ్చింది ఇందులోనే.

జిల్లా పోటీ మన ఊళ్లోనే పెడదామని తల్లిదండ్రులం కొందరం అనుకున్నప్పటి నుంచి నేల కోసమే వెతుకులాట. పెద్ద పోటీలకైతే 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు కావాలి. అందులో సగం దొరికినా మేం సర్దుకుంటాం.

నేను చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాను. అందుకని అందరూ నన్నే పట్టుకుంటారు. "గెలాక్సీ గ్రానైట్ పలకలు పరిపించేయండి అన్నా, మీ చేతిలో పనేగా!" అద్దంలా పాలిష్ పెట్టిన రాయి మీద చక్రానికి పట్టు దొరకదు. పాలిష్ సగంలో ఆపేస్తే పట్టు ఉంటుంది గానీ, పలకల మధ్య జాయింట్లు ఉంటాయే! వెంట్రుకవాసి ఎత్తు తేడా ఉన్నా, ఒంటికాలి మీద గిర్రున తిరిగే పిల్లకు చక్రం తగులుకుంటుంది. పడితే ముందు పోయేది మణికట్టే.

ఆషాఢంలో కల్యాణ మండపాలు ఖాళీ కదా అని ఒకచోట అడిగాం. మేనేజర్ స్కేట్లు తిరగేసి చూసి, "గీతలు పడితే ఎవరు కడతారు సార్?" అన్నాడు. నేనైనా అదే అడిగేవాణ్ని.

ఐస్ రింక్ కట్టమని ప్రభుత్వాన్ని అడగొచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. 2011 దక్షిణాసియా వింటర్ గేమ్స్ కోసం డెహ్రాడూన్‌లో కట్టిన రింకే ఏళ్ల తరబడి మూతపడి, మొన్న 2025లో మళ్లీ తెరుచుకుంది. మన రోహిణీ కార్తెలో మంచును మైనస్‌లో నిలబెట్టే కరెంటు బిల్లు ఎవరు కడతారో వాళ్లనే చెప్పమనండి.

నేల దొరికినా జడ్జీలు కావాలి. ప్రధాన జంపుల్లో ఆక్సెల్ ఒక్కటే ముందుకు చూస్తూ ఎగిరేది, అందుకే మిగతా వాటికంటే అందులో అర చుట్టు ఎక్కువ. అది పూర్తయిందా లేదా అని రెప్పపాటులో తేల్చాలి. అది తెలిసినవాళ్లు మన దగ్గర లేరు. విశాఖ నుంచి పిలిపించాలి. రైలు టికెట్లు, బస మన ఖర్చే.

ఇప్పుడు కాస్త ఆశ పుట్టించింది ఊరి బయట ఒక పొగాకు గోడౌన్. రేకుల కప్పు, మధ్యలో స్తంభాలు లేవు, ఒకే పోతగా పోసిన నున్నటి సిమెంటు నేల. ఘాటుకి మాకు తుమ్ములు ఆగలేదు, రెండుసార్లు కడిగిస్తే పోతుందంటున్నారు. వేలం మొదలై బేళ్లు వచ్చేలోపు ఖాళీ చేయాలన్నది ఓనరు షరతు. కాబట్టి సంక్రాంతి దాటాక, జనవరి ఆఖరి వారం అనుకుంటున్నాం. అడ్వాన్స్ ఇంకా కట్టలేదు.