పాల కవర్‌కి స్నానం: బెంగళూరులో చెత్త వేయడం నేర్చుకున్న కథ

2019 జూన్‌లో అనంతపురం నుంచి బెంగళూరు వచ్చి, కె.ఆర్.పురం దగ్గర ఒక మూడంతస్తుల ఇంట్లో పై వాటా అద్దెకు తీసుకున్నాం. సామాన్లు సర్దుకున్న మర్నాడు పొద్దున్నే వీధిలో విజిల్ వినపడింది. ఇంట్లో చెత్తంతా ఒకే నల్ల కవర్లో మూటగట్టి కిందికి పరుగెత్తాను. చెత్త ఆటో పక్కన నిలబడ్డ ఆమె కవర్ విప్పి చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది. "హసి కస, ఒణ కస బేరె బేరె మాడి కొడి" అంది. తడి చెత్త, పొడి చెత్త వేరువేరుగా చేసి ఇవ్వమని కన్నడలో చెప్పిందని తర్వాత తెలిసింది. అప్పటికి నాకు అర్థమైంది "కస" ఒక్కటే. మా సీమలో కసువు అంటామే, అదే. వీధిలో నలుగురి ముందు ఆ కవర్ పట్టుకుని మెట్లెక్కుతుంటే సిగ్గేసింది.

కింద వాటాలో ఉండే ఓనర్ ఆంటీ ఆ సాయంత్రం మా వంటింట్లోకి వచ్చి క్లాసు తీసుకున్నారు. రెండు డబ్బాలు, ఒక సంచి. పచ్చ డబ్బాలో తడి చెత్త, ఎర్ర డబ్బాలో డైపర్లు, ప్యాడ్లు, బ్యాండేజీల్లాంటివి, సంచిలో పొడి చెత్త. 2015 డిసెంబరులో హైకోర్టు ఉత్తర్వు వచ్చాక ఊరంతా ఇదే పద్ధతట. అంతకుముందు ఈ వైపు చెత్త లారీలన్నీ నగరం బయటున్న మండూరు అనే పల్లెకు పోయేవని, ఆ ఊరివాళ్లు వాసన భరించలేక ఏళ్ల తరబడి పోరాడితే 2014 చివర్లో అక్కడ పోయడం ఆపారని ఆంటీ చెప్పారు. "ఆ లారీ ముందు పోతా ఉంటే మేము బండి మీద ముక్కు మూసుకోని పోతా ఉంటిమి" అన్నారు తన కన్నడ తెలుగులో.

వినడానికి తేలిగ్గానే ఉంది. చెయ్యబోతే ప్రతిదానికీ అనుమానమే. కొబ్బరి చిప్ప తడా, పొడా? పొడి. తలదువ్వితే ఊడిన జుట్టు? అదీ పొడే. ఇల్లు ఊడ్చిన దుమ్ము మాత్రం ఎర్ర డబ్బాలోకి. దేవుడి దగ్గర వాడిన పూలు తడి, కానీ దండకున్న ప్లాస్టిక్ దారం తీసెయ్యాలి. తడి డబ్బాలో కవర్ వేయకూడదు. అడుగున పాత పేపర్ పరిస్తే డబ్బా జిగురు పట్టదు. ఇది మాత్రం ఆంటీ చెప్పలేదు, రెండు వారాలు కంపు కొట్టాక నేనే కనిపెట్టాను.

అసలు తిప్పలు పొడి సంచితోనే. తడి చెత్త రోజూ తీసుకెళ్తారు, పొడి చెత్త మాత్రం వారానికి రెండుసార్లే. పాల కవర్లు, పెరుగు కవర్లు కడక్కుండా పడేస్తే మూడో రోజుకు బొద్దింకలు వచ్చాయి. అప్పట్నుంచి కవర్ కోయగానే కడిగి, క్లిప్పు పెట్టి బాల్కనీలో ఆరేస్తున్నాను. మూల పూర్తిగా కత్తిరించకండి, ఆ చిన్న ముక్క ఎక్కడ పడుతుందో ఎవరికీ దొరకదు. సగం కోసి అలాగే ఉంచితే చాలు. అమ్మ వచ్చినప్పుడు ఈ తతంగం చూసి, "పాల కవర్‌కి స్నానం చేయించే ఊరు ఇదొక్కటేనేమో" అని నవ్వింది. అనంతపురంలో ఆమెకు ఈ బాధే లేదు. కూరగాయల తొక్కలన్నీ ఎదురింటి ఆవుకే.

పాప అప్పటికి నాలుగు నెలలది, రోజుకు ఐదారు డైపర్లు. మొదట్లో వాటిని కవర్లో కట్టి ఇచ్చేదాన్ని. ఒకరోజు ఫోన్లో అమ్మతో మాట్లాడుతూ కిందికి దిగితే, ఆటో ఆమె చటుక్కున "యాడమ్మా మీది?" అని తెలుగులో అడిగింది. వాళ్ల తాతలు హిందూపురం పక్కనుంచి వచ్చారట. ఈ ఊళ్లో పౌరకార్మికులనే పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. ఆమె నా కవర్ చూపించి, "పేపర్లో చుట్టి పైన ఎర్ర పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టమ్మా, లేకుంటే మేము చేత్తో విప్పి చూడాల్సొస్తది" అంది. ఆంటీ క్లాసులో మూడు రకాలు విన్నాను గానీ, అటు చివర ఒక చెయ్యి ఉందని నాకు తట్టలేదు. ఆ పూటే ఎర్ర పెన్ను కొనుక్కొచ్చి ఫ్రిజ్ మీద పెట్టాను. గాజు పగిలితే కూడా అంతే, పేపర్లో చుట్టి చెప్పి మరీ ఇస్తాను.

2020 ఫిబ్రవరిలో పాప మొదటి పుట్టినరోజు మేడ మీద చేద్దామనుకున్నాం. జాబితా రాస్తే నూట పది మంది తేలారు. వంద దాటితే మూడు పనిదినాల ముందే కార్పొరేషన్‌కి చెప్పాలని, చెత్త వేరు చేసే బాధ్యత మనదేనని 2016 నాటి చెత్త నిబంధనల్లో ఉందని ఆంటీ గుర్తుచేశారు. మా ఆయన ఆఫీసు వాళ్లను పాతికమందిని తీసేసి టెన్షన్ తీర్చుకున్నారు. అరిటాకుల్లో వడ్డించాం, స్టీలు గ్లాసులు అద్దెకు తెచ్చాం. తిన్న ఆకులన్నీ తడి చెత్తలోకే. నీళ్ల బాటిళ్లు కొనకపోవడం వల్ల పొడి చెత్త ఒక్క సంచిలోనే సరిపోయింది.

అంతా సవ్యంగా ఉందని చెప్పను. ఒక వానాకాలం మా మూడు రకాలూ ఒకే ఆటోలో కలిపి పోయడం పై నుంచి చూశాను. కిందికెళ్లి అడిగితే పొడి చెత్త బండి రాలేదన్నారు. ఆ రోజు కడిగి ఆరేసిన కవర్లన్నీ గుర్తొచ్చి ఒళ్లు మండింది. తర్వాత అలా జరిగినప్పుడల్లా పొడి సంచి మాత్రం ఇవ్వకుండా బాల్కనీలోనే ఉంచి, ఆ బండి వచ్చిన రోజే ఇస్తున్నాను.

పాత బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు ఒక అట్టపెట్టెలో దాచి, పక్క అపార్ట్‌మెంట్‌లో ఈ-వేస్ట్ సేకరణ పెట్టినప్పుడు ఇచ్చేస్తాను. ఇంకా తేలనివి రెండు పాత దూది దిండ్లు. తడి కాదు, పొడి బండివాళ్లు వద్దంటారు, ఎర్ర డబ్బాలో పట్టవు. ప్రస్తుతానికి అటక మీద ఉన్నాయి.