ఇట్రాకొనజోల్ పెల్లెట్స్ తయారీ – నా అనుభవం

ఎం.ఫార్మసీ అయ్యాక ఫార్ములేషన్ ఆర్ అండ్ డీలో (మందుని మాత్రగానో క్యాప్సూల్‌గానో మలిచే విభాగం) చేరినవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు నీళ్లలో కరగని మందు ఒకటి తగులుతుంది. నాకు చేరిన కొత్తలోనే తగిలింది, ఇట్రాకొనజోల్. తామర అని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే రాసే క్యాప్సూల్ అదే, విప్పి చూస్తే లోపల చిన్న చిన్న తెల్లటి గుళికలు ఉంటాయి, వాటినే మేం పెల్లెట్స్ అంటాం. మా కంపెనీ జీడిమెట్ల వైపు, పేరు వద్దులెండి. హైదరాబాద్‌లో పెల్లెట్స్ చేసే యూనిట్లు చాలా ఉన్నాయి, ఇక్కడ చేసి డ్రమ్ముల్లో పంపితే క్యాప్సూల్స్ నింపుకునేవాళ్లు నింపుకుని వాళ్ల బ్రాండ్ వేసుకుంటారు.

ఈ మందు ఎంత మొండిదో ముందు చెప్పాలి. న్యూట్రల్ పీహెచ్ దగ్గర దీని సాల్యుబిలిటీ ఎం.ఎల్‌కి 1 నానోగ్రామ్ దరిదాపుల్లో ఉంటుంది. ఒక క్యాప్సూల్‌లో ఉండేది 100 మి.గ్రా., లెక్క కట్టండి, లక్ష లీటర్లు! ఎండాకాలంలో మా నిజాంపేట అపార్ట్‌మెంట్‌కి వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై కావాలి ఒక్క క్యాప్సూల్ కరగడానికి. కాస్త ఊరట ఏంటంటే ఇది వీక్ బేస్, కాబట్టి కడుపులో యాసిడ్‌కి కొంచెం లొంగుతుంది, పీహెచ్ 1 దగ్గర ఎం.ఎల్‌కి 4-5 మైక్రోగ్రాముల దాకా కరుగుతుంది. అదీ చాలదు. మందుల్ని కరిగే గుణం, పేగు గోడ దాటే గుణం బట్టి తరగతులు చేస్తూ 1995లో అమిడాన్ బృందం ఇచ్చిన బీసీఎస్ లెక్కలో హై సాల్యుబిలిటీ అనిపించుకోవాలంటే పూర్తి డోసు 250 ఎం.ఎల్‌లో కరగాలి, ఇది దాని దరిదాపుల్లోకి కూడా రాదు, కానీ పేగు గోడ దాటడంలో ఇబ్బంది లేదు, అందుకే క్లాస్ 2. అంటే కరిగితే చాలు ఒంట్లోకి వెళ్తుంది, కరగడమే దగ్గర ఆగిపోయింది.

అయితే మెత్తగా పొడి చేస్తే సరిపోదా అని మా ఇంట్లోవాళ్ల దగ్గర్నుంచి మార్కెటింగ్ వాళ్ల దాకా అందరూ అడిగారు. కొన్ని మందులకి సరిపోతుంది, ఫెనోఫైబ్రేట్ అనే కొవ్వు తగ్గించే మందుని మైక్రోనైజ్ చేసి (మైక్రాన్ల సైజుకి నూరి) 200 మి.గ్రా. ఇచ్చేవాళ్లు, తర్వాత నానో సైజుకి తెచ్చి 145 మి.గ్రా.తోనే పని కానిచ్చారు. పొడి చేస్తే కరిగే స్పీడ్ పెరుగుతుంది, కరిగే మోతాదు మాత్రం పెద్దగా మారదు. ఇట్రాకొనజోల్‌కి ఆ మోతాదే సమస్య, కాబట్టి దాని క్రిస్టల్‌నే విరగ్గొట్టాలి, అణువులు వరుసలో కూర్చోకుండా చిందరవందరగా ఉన్నప్పుడే పాలిమర్‌లో బంధించేయాలి. దాన్నే అమార్ఫస్ సాలిడ్ డిస్పర్షన్ అంటారు. జాన్సెన్ కంపెనీ వాళ్లు తమ ఇట్రాకొనజోల్ బ్రాండ్ స్పోరనాక్స్‌లో చేసింది ఇదే, చక్కెర గుళిక మీద మందు, హెచ్‌పీఎంసీ అనే పాలిమర్ కలిపి పల్చటి పొర, దాని మీద పెగ్ 20000 అనే ఇంకో పాలిమర్ కోటింగ్. పేటెంట్ ఎప్పుడో అయిపోయింది. మా సార్ మొదటి రోజే అన్నారు, "రెసిపీ ఊరందరి దగ్గరా ఉందమ్మా, డిసల్యూషన్ మాత్రం కొందరికే వస్తది." డిసల్యూషన్ అంటే గిన్నెలో ద్రవం పోసి మందు ఎంత కరుగుతుందో చూసే పరీక్ష.

రెసిపీ నిజంగానే పొట్టిది. మందు ఒక వంతు, హెచ్‌పీఎంసీ ఈ5 ఒకటిన్నర వంతు, రెండూ కరగడానికి డీసీఎం (డైక్లోరోమీథేన్), మిథనాల్ అనే సాల్వెంట్లు. మార్కెట్‌లో దీన్ని 22 శాతం పెల్లెట్స్ అంటారు, అంటే 100 మి.గ్రా. మందు కోసం దాదాపు 455 మి.గ్రా. పెల్లెట్స్ నింపాలి. క్యాప్సూల్ అంత లావు ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైందిగా. హెచ్‌పీఎంసీని నేరుగా డీసీఎంలో పోస్తే ఉండలు కడుతుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టిరర్ తిప్పినా ఆ ఉండలు విడవవు, అందుకే ముందు మిథనాల్‌లో చల్లుకుంటూ వేసి అది తడిశాక డీసీఎం పోస్తే అప్పుడు మెల్లగా పలచబడి క్లియర్ అవుతుంది. సొల్యూషన్‌లో సాలిడ్స్ ఆరు శాతం పెట్టుకుంటే కిలో మందుకి దాదాపు 40 కిలోల సాల్వెంట్ ఆవిరి అవ్వాలి, కాబట్టి ఏరియా అంతా ఫ్లేమ్‌ప్రూఫ్, మాస్క్ లేకపోతే గంటలో తలనొప్పి. సాల్వెంట్ లేకుండా హాట్ మెల్ట్‌లో చేసే రోజు ఎప్పుడొస్తుందా అని ఆ మాస్క్ పెట్టుకున్న ప్రతిసారీ అనుకునేదాన్ని.

అసలు కథ ఎఫ్‌బీపీ దగ్గర, అంటే గాలితో గుళికల్ని ఎగరేస్తూ పొర వేసే మెషీన్ దగ్గర మొదలు. దాని లోపలుండే వర్స్టర్ కాలమ్ అనే గొట్టంలో చక్కెర గుళికలు పైకి లేస్తూ కిందకి పడుతూ ఉంటాయి, అడుగున నాజిల్ నుంచి స్ప్రే పడుతుంది, గుళిక ఒక్కో రౌండ్‌లో కొంచెం కొంచెం పొర వేసుకుంటుంది. వినడానికి బాగుంటుంది. స్ప్రే ఎక్కువైతే గుళికలు జంటలు జంటలుగా అతుక్కుంటాయి, తక్కువైతే చుక్క గుళికని చేరకముందే గాల్లోనే ఎండి పొడై ఫిల్టర్ బ్యాగ్‌లోకి పోతుంది, అస్సే (పెల్లెట్స్‌లో ఉండే మందు శాతం) తగ్గుతుంది. బెడ్ టెంపరేచర్ 32-35 డిగ్రీల మధ్య పట్టుకోవాలని కాగితం మీద రాసుకున్నాం గానీ అక్కడ నిజంగా పట్టుకున్నది మా ఆపరేటర్ అన్న, ఆయన డిస్‌ప్లే కన్నా కాలమ్ అద్దంలోంచి గుళికల దూకుడు చూసి చెప్పేవాడు. "చెల్లె, పంపు జర తగ్గియ్యి, లోపల బరువైతున్నయ్" అనేవాడు, నిమిషం తర్వాత బెడ్ టెంపరేచర్ పడేది. ఇంకో సంగతి కూడా ఆయనే పట్టాడు. పంపు ఆర్‌పీఎం మార్చకపోయినా స్ప్రే రేటు మెల్లగా జరుగుతోంది, ఎందుకా అని చూస్తే సొల్యూషన్ వెళ్లే సిలికాన్ ట్యూబ్, డీసీఎంకి ఉబ్బి మెత్తబడిపోయింది. అప్పట్నుంచి సొల్యూషన్ క్యాన్‌ని బ్యాలెన్స్ మీదే పెట్టి పది నిమిషాలకోసారి బరువు రాసుకున్నాం, సాల్వెంట్‌ని తట్టుకునే ట్యూబ్ తెప్పించాం. ఆర్‌పీఎం చూసి స్ప్రే రేటు నమ్మే అలవాటు నాకు ఆ రోజుతో పోయింది.

వానాకాలం మొదలయ్యాక కొత్త తలనొప్పి. అదే సొల్యూషన్, అవే సెట్టింగ్స్, మేలో డిసల్యూషన్ బాగా వచ్చిన పెల్లెట్స్ జులైలో చతికిలపడ్డాయి. రంగు కూడా తేడాగా ఉంది, సున్నం కొట్టిన తెలుపు. కొందరు ఏపీఐ (అసలు మందు పొడి) లాట్ మీద అనుమానం పడ్డారు, కొందరు హెచ్‌పీఎంసీ మీద. నేను స్ప్రే మధ్యలో ఆపించి నాజిల్ బయటకి తీయించి చూస్తే కొస మీద చెమట పట్టినట్టు నీటి బొట్లు. డీసీఎం 40 డిగ్రీల లోపే మరుగుతుంది, అంత త్వరగా ఆవిరయ్యే సాల్వెంట్ చుట్టుపక్కల వేడిని లాగేసుకుంటుంది, నాజిల్ చల్లబడుతుంది, గాల్లో తేమ దాని మీద దిగుతుంది. ఆ నీళ్లు పొరలో కలిస్తే ఇంకేముంది, నీళ్లంటేనే పడని మందు పాలిమర్ పట్టుకునేలోపే విడిపోతుంది. దీనికి తోడు డీసీఎం ముందు ఎగిరిపోతే చుక్కలో మిగిలేది ఎక్కువగా మిథనాల్, అందులోనూ ఇది సరిగ్గా కరగదు. అంటే చుక్క ఎండే ఆ కాసేపట్లోనే అంతా తేలిపోతుంది. మా ల్యాబ్ మెషీన్‌కి గాల్లో తేమ తీసే డీహ్యూమిడిఫైయర్ లేదు, పక్క బ్లాక్‌లో ఉన్న దానికి ఉంది, ఆ మెషీన్ కోసం ప్రొడక్షన్ వాళ్లని బతిమాలి నైట్ షిఫ్ట్‌లో స్లాట్ తీసుకున్నాం. ఇన్‌లెట్ గాలి పొడిగా ఇచ్చి మిథనాల్ వాటా కొంచెం తగ్గించి చేస్తే పాత డిసల్యూషన్ తిరిగొచ్చింది.

తిరిగొచ్చింది అన్నానా, శాంపిల్స్ పరీక్షించే ఏఆర్‌డీ విభాగం వాళ్లు మాత్రం రాలేదన్నారు. ఇది ఇంకో గొడవ, నా దృష్టిలో అన్నిటికన్నా నేర్చుకోవాల్సిన గొడవ. మా టెస్ట్ 900 ఎం.ఎల్, పీహెచ్ 1.2, తిప్పడానికి ప్యాడిల్, 37 డిగ్రీలు. 100 మి.గ్రా. మొత్తం కరిగితే ఎం.ఎల్‌కి 111 మైక్రోగ్రాములు. క్రిస్టల్ రూపంలో అయితే ఆ యాసిడ్ మోయగలిగేది 4-5, అంటే అంత పెద్ద గిన్నెలో మొత్తం కలిపి 4 మి.గ్రా.కి అటూ ఇటూ. మిగతా 96 మి.గ్రా.ని హెచ్‌పీఎంసీ పట్టుకుని ఉంది కాబట్టి నిలబడింది, ఆ పట్టు శాశ్వతం కాదు. పొద్దున శాంపిల్ తీసి ఫిల్టర్ చేసి వయల్‌లో పోసి రాత్రంతా ఆటోశాంప్లర్ ట్రేలో వరుసలో నిలబెడితే దాని వంతు వచ్చేసరికి మందు వయల్ అడుగున కూర్చుని ఉంటుంది, మందు ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ సూది పైన తేటనే తీస్తుంది, రిజల్ట్ 60 శాతం. మొదట ఇంజెక్ట్ చేసిన వయల్ బాగుంటుంది, చివరిది ఫెయిల్. ఏఆర్‌డీ మేడం "మీ పెల్లెట్సే యూనిఫామ్‌గా లేవు" అంటారు, నేను వయల్ తీసుకెళ్లి లైట్‌కి ఎదురుగా పట్టుకుని తిప్పితే అడుగున సన్నటి మెరుపు. ఆవిడ ఒక్క మాట అనలేదు, వెంటనే ప్రొసీజర్‌లో శాంపిల్ తీసిన వెంటనే మిథనాల్ ఉన్న డైల్యుయెంట్‌లో (పలచన చేసే ద్రవం) పోయాలని రాసి సంతకం పెట్టారు. ఫిల్టర్‌కి కూడా ఈ మందు అంటుకుంటుంది, మొదటి 5 ఎం.ఎల్ పారబోయాల్సిందే.

క్రిస్టల్ ఉందా లేదా తేల్చడానికి ఎక్స్‌రేతో చూసే ఎక్స్‌ఆర్‌డీ పరీక్ష ఉంది కదా అంటారు. పెల్లెట్స్‌ని అలాగే నూరి పంపితే వచ్చేది గ్రాఫ్ నిండా చక్కెర పీక్స్ అడవి, లోపలున్న గుళిక సుక్రోజ్ కదా, అది పక్కా క్రిస్టల్. మందు పీక్ అందులో ఉన్నా కనపడదు. అందుకని బ్లేడ్‌తో పైపొర మాత్రం గీకి ఆ పొడి పంపాం, ఎవరికి చెప్పినా నవ్వుతారు గానీ ఒక మధ్యాహ్నం మొత్తం ఇద్దరం కూర్చుని గీకితే చిటికెడు వచ్చింది. పక్కనే పోలరైజ్డ్ లైట్ మైక్రోస్కోప్ కింద కూడా చూసుకునేవాళ్లం, చీకట్లో మెరిసే చుక్కలు, అంటే క్రిస్టల్స్, లేకపోతే ఆ రోజుకి ఊపిరి పీల్చుకోవడం. ఇంత చాదస్తం అవసరమా అని అడిగినవాళ్లకి నేను రిటోనవిర్ సంగతి చెబుతా. 1996లో అబాట్ తెచ్చిన హెచ్ఐవీ మందు, అప్పటిదాకా ఎవరూ చూడని, అంతకన్నా తక్కువ కరిగే క్రిస్టల్ ఫారం 1998లో బయటపడి, క్యాప్సూల్స్ డిసల్యూషన్ ఫెయిల్ అయి మార్కెట్ నుంచే తీసేయాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీకే అలా అయితే మేమెంత.

మధ్యలో ఇంటి సంగతి ఒకటి. మా పిన్నికి ఇదే మందు రాశారు, ఎన్ని వారాలు వాడినా తగ్గట్లేదని ఫోన్ చేసింది. ఎప్పుడు వేసుకుంటున్నావ్ పిన్నీ అంటే, "పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్రతో పాటు వేసేసుకుంటున్నా, మళ్లీ మర్చిపోతా కదే" అంది. కడుపులో యాసిడ్ ఉంటేనే కరిగే క్యాప్సూల్‌ని యాసిడ్ ఆపే మాత్రతో కలిపి, అదీ ఖాళీ కడుపున! ఈ క్యాప్సూల్ కడుపునిండా తిన్న వెంటనే వేసుకోవాలి, గ్యాస్ మాత్ర వాడుతున్నట్టు డాక్టర్‌కి చెప్పాలి, ఆయన టైమింగ్ మారుస్తారో మందే మారుస్తారో ఆయన ఇష్టం. తమాషా ఏంటంటే ఇదే మందు సైక్లోడెక్స్‌ట్రిన్ అనే కరిగించే పదార్థంతో చేసిన ఓరల్ సొల్యూషన్ అయితే ఖాళీ కడుపునే తాగాలి, ముందే కరిగి ఉంటుంది కాబట్టి.

మిగతాదంతా ఓపిక పని. డ్రైయింగ్‌లో డీసీఎం 600 పీపీఎం కిందకి, మిథనాల్ 3000 కిందకి రావాలి, మిథనాల్ దిగినా డీసీఎం మొండికేసింది, పొర లోపల ఇరుక్కున్నది బయటకి రావడానికి టైమ్ పడుతుంది, త్వరగా తెమల్చాలని వేడి పెంచుదామంటే మందు గ్లాస్ ట్రాన్సిషన్ (గట్టిగా ఉన్న అమార్ఫస్ మందు మెత్తబడడం మొదలయ్యే వేడి) 59 డిగ్రీల దగ్గరుంది, ఆ చుట్టుపక్కలకి వెళ్లే ధైర్యం ఎవరికీ లేదు. 40 డిగ్రీలు 75 శాతం తేమలో ఆరు నెలల స్టెబిలిటీ టెస్ట్ (నిల్వ ఉంచితే నిలుస్తుందా అని చూసేది), సిలికా బ్యాగ్ వేసి సీల్ చేసినవి నిలబడ్డాయి, సీల్ లేకుండా కావాలనే వదిలేసినవి మూడో నెలకే పడిపోయాయి. డ్రమ్ము ఒకసారి తెరిచాక ఎంతసేపు ఉంచొచ్చో లేబుల్ మీద రాయాలని క్వాలిటీ చూసే క్యూఏ వాళ్లతో వాదించి రాయించా.

ప్లాంట్ మెషీన్ మీద స్ప్రే ఒక షిఫ్ట్‌తో అవ్వదు, రాత్రి నడుస్తుంది, బీఎంఆర్‌లో (బ్యాచ్ రికార్డు) గంట గంటకీ క్యాన్ బరువు, ఇన్‌లెట్ గాలి డ్యూ పాయింట్ (తేమ ఎంతుందో చెప్పే కొలత) రాసే గడులు నేను పెట్టినవే. ఆపరేటర్లు ఆ గడుల్ని తిట్టుకుంటున్నారని విన్నా, తిట్టుకోనీ. నన్ను ఇప్పుడు ఒంట్లోకి ఇంకా బాగా చేరే సూబా రకం ఇట్రాకొనజోల్ మీద వేశారు, 100 బదులు 65 మి.గ్రా.తో అదే పని జరగాలి, యాసిడ్‌లో కాకుండా పేగులో కరిగే హెచ్‌పీఎంసీ థాలేట్ అందులో పాలిమర్. యాసిడ్‌లో బాగా కరిగిన మా పాత పెల్లెట్స్‌ని పీహెచ్ 6.8లోకి మారిస్తే గిన్నె చూస్తుండగానే పాలలా తెల్లబడేది, ఈ కొత్త పాలిమర్‌తో అది ఎంతసేపు ఆగుతుందో చూడాలి. వచ్చే వారం మొదటి బ్యాచ్, డీహ్యూమిడిఫైయర్ ఉన్న మెషీన్ మీదే, స్లాట్ ముందే రాయించుకున్నా.