ఓకే అంటే ఎన్ని అర్థాలండీ?

మా కోనసీమలో ఒప్పుకోలుకి మాటలకేం కరువు లేదు. ‘ఆయ్’ అంటే చాలాసార్లు ‘వింటున్నానండి, చెప్పండి’ అని మాత్రమే. ‘సరేనండి’ అంటే ఒప్పుకున్నట్టు. ‘అలాగేనండి’ అంటే చేసిపెడతానని మాట ఇచ్చినట్టు. ఇప్పుడు ఈ మూడింటి చోటులోనూ ఒక్క ‘ఓకే’ వచ్చి కూర్చుంది. చిక్కంతా అక్కడే.

కొబ్బరికాయల బేరమే చూడండి. అవతల వ్యాపారి ఫోనులో రేటు చెప్పాడు, ఇవతల రైతు ‘ఓకే అండి’ అన్నాడు. రైతు లెక్కలో అది ‘ఆయ్’, రేటు విన్నానంతే. వ్యాపారి లెక్కలో అది ‘సరే’, బేరం కుదిరిపోయింది. తెల్లారేసరికి దింపువాళ్లు తోటలో ఉంటారు. అందుకే ఫోను పెట్టేసే ముందు కాయ రేటు, కాయల లెక్క, దింపు రోజు మూడూ మళ్లీ నోటితో చెప్పాలి. ఇంకా తేల్చుకోకపోతే ‘విన్నానండి, సాయంత్రం చెప్తాను’ అనేస్తే ఏ గొడవా ఉండదు.

ఈ ‘ఓకే’ అన్న మాట పుట్టింది అమెరికాలో. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో అచ్చయింది. ‘ఆల్ కరెక్ట్’ని కావాలని ‘oll korrect’ అని తప్పు స్పెల్లింగుతో రాసి, ఆ తప్పు మాటల మొదటి అక్షరాలు తీసుకున్నారు. అలాంటి సరదా పొడి అక్షరాలు అప్పట్లో చాలా ఉండేవి, దాదాపు అన్నీ పోయాయి. ఇది నిలవడానికి 1840 ఎన్నికలు సాయపడ్డాయి. అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ది కిండర్‌హుక్ ఊరు. ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అన్న ఆయన ముద్దుపేరుకీ అవే రెండక్షరాలు కుదిరాయి.

ఇంగ్లీషులో దీని అర్థం చాలావరకు గొంతును బట్టి మారుతుంది. మన దగ్గర ఆ పని ప్రత్యయాలు చేస్తాయి: ‘ఓకేనా’ అంటే అడగడం, ‘ఓకేలే’ అంటే మనసులో లేకపోయినా సర్దుకోవడం. ‘సంబంధం ఓకే అయింది’ అంటే పెళ్లి కుదిరినట్టే. ఎంత చక్కగా మన వ్యాకరణంలో ఒదిగిపోయిందో!

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. కాఫీ కావాలా అంటే ‘ఐయామ్ ఓకే’ అన్నారంటే వద్దని అర్థం, ఇమ్మని కాదు. అలాగే వంట ఎలా ఉందంటే ‘ఇట్స్ ఓకే’ అనకండి. అది మెచ్చుకోలు కాదు, ఏదో ఫరవాలేదన్నట్టు. వండిన మనిషి చిన్నబుచ్చుకుంటుంది.

మెసేజిలో ఉత్త ‘కే’ ఒక్కటే పెడితే విసుక్కున్నట్టు ఉంటుంది. పెద్దలకైతే ఉత్త ‘ఓకే’ కూడా మా వైపు పొడిగానే వినిపిస్తుంది. పక్కన ‘అండి’ చేర్చి పంపండి.