చెరువు మట్టికి అడ్డం ముళ్లకంప

సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండ్‌లో (జేబీఎస్) నిజామాబాద్ బస్సెక్కి సదాశివనగర్‌లో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. 2016 మే నెల, అప్పటికింకా కామారెడ్డి జిల్లా కాలేదు. మా మిత్రుడి ఊరికి నాలుగు కిలోమీటర్లు. ఆటో అతను నూటయాభై అడిగాడు. ఒళ్లు మండి నడక మొదలుపెట్టాను. ఆ ఎండకి నా పౌరుషం రెండు ఫర్లాంగులు కూడా నిలవలేదు. వెనక ఖాళీ ట్రాక్టరు వస్తే చెయ్యెత్తాను.

"ఎక్కు సారూ, చెరువు కాడ దింపుత" అన్నాడు డ్రైవరు.

తెలంగాణ సర్కారు చెరువుల పూడిక తీయించిన పథకం మిషన్ కాకతీయ మొదలైంది ఈ సదాశివనగర్ పాత చెరువు దగ్గరే, 2015 మార్చిలో. అప్పట్లో పూడిక తవ్వి ట్రాక్టర్లో పోయించడం సర్కారు వంతు, పొలానికి తోలుకునే కిరాయి రైతుది. రైతుల భాగస్వామ్యం అంటే నాకు ముందునుంచీ అనుమానమే. కాలువల నిర్వహణ రైతులకు అప్పగించిన 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాక మా గుంటూరు వైపు మా ఊళ్లో కాలువ కింద రైతులు రెండు పార్టీలై, పెళ్లి పిలుపులు కూడా మానేశారు.

ఇక్కడ చూసింది వేరు. చెరువులో జేసీబీ నింపిన నల్లమట్టితో మా ట్రాక్టరు ఓ పొలం దగ్గర ఆగింది. మట్టి తమ్ముడిది, బాట అన్న పొలంలోంచి. గట్టు తగాదాతో ఇద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవట. డ్రైవరు హారన్ కొట్టాడు. అన్న వచ్చి ముళ్లకంప పక్కకు లాగాడు, తమ్ముడి వైపు చూడనైనా లేదు. మూడో ట్రిప్పుకి కంప మళ్లీ అడ్డం పెట్టడం మానేశాడు. సాయంత్రం, "నా మడిల గూడ రెండు ట్రిప్పులు పొయ్యమను" అన్నాడు, డ్రైవరుతోనే.

కట్ట మీద ఓ ముసలాయన ఖాళీ యూరియా సంచితో కూర్చుని ఉన్నాడు. మీరు తోలించలేదా అని అడిగాను.

"నాది కౌలు, బిడ్డా. మట్టి పోస్తే పంట మంచిగొస్తది. పట్టాదారు ముందుగాల్ల కౌలు పెంచుతడు. మట్టి ఆయనకు, అప్పు నాకు."

అందరూ ఒక్కటయ్యారని మిత్రుడు ఫోన్లో చెప్పిన ఊళ్లో ఈయన లెక్కలోనే లేడు.

ముసలాయన దిగి సంచి నిండా మట్టి ఎత్తుకున్నాడు. ఇంటి దగ్గర బీరపాదుకట. సైకిల్ క్యారియర్ మీద పెడితే అటూ ఇటూ జారుతోంది. వెనక నుంచి పట్టుకుని రోడ్డు దాకా నడిచాను.