జైల్లో రియాక్షన్ టైమ్ టెస్ట్: నా అనుభవం

మనిషి దాస్తున్న విషయాన్ని బటన్ నొక్కే వేగాన్ని బట్టి పట్టే టెస్ట్‌ని నా థీసిస్ కోసం జైల్లో చేశాను. నిన్నటితో ఆఖరి ఖైదీ టెస్ట్ కూడా అయిపోయింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

తెలిసిన విషయాన్ని తెలియదని బుకాయించాలంటే మనిషికి కాస్త ఎక్కువ టైమ్ పడుతుంది. టెస్టంతా దాని మీదే నడుస్తుంది. స్క్రీన్ మీద ఒక్కో మాట పడుతుంది. ముందే గుర్తుపెట్టుకోమని ఇచ్చిన టార్గెట్ మాటకి 'తెలుసు', మిగతా అన్నిటికీ 'తెలియదు' నొక్కాలి. దాచాల్సిన అసలు వివరం ఆ మిగతావాటిలోనే, సంబంధం లేని మాటల మధ్య ఉంటుంది. ప్రతి మాటా మళ్లీ మళ్లీ వస్తుంది, ఆలోచించే వ్యవధి ఉండదు. చివరికి మనం వెతికే తేడా పదుల మిల్లీసెకన్లలో ఉంటుంది. 1959లో అమెరికన్ సైకాలజిస్ట్ డేవిడ్ లిక్కెన్ ఈ పద్ధతికి దారి వేసినప్పుడు అరచేతి చెమటను కొలిచాడు. మాకు లాప్‌టాప్ చాలు.

కేసుల జోలికి వెళ్లకుండా, ఖైదీలు తమ పేరు, పుట్టిన నెల దాచేలా టెస్ట్ తయారుచేశాను. ఎథిక్స్ కమిటీ రెండోసారికి ఒప్పుకుంది. జైలు అనుమతికి నాలుగు నెలలు తిరిగాను.

మూడో రోజు ఒక పెద్దాయన కూర్చున్నారు. తన పేరు వచ్చినప్పుడు పెద్దగా తేడా లేదు. ఆయనకు సంబంధం లేదని నేను పెట్టిన ఒక పేరు దగ్గర మాత్రం, వచ్చిన ప్రతిసారీ చూపుడువేలు బటన్ మీంచి లేచి గాల్లో ఆగిపోయేది. గ్రాఫ్‌లో ఆ పేరే అన్నిటికన్నా ఎత్తుగా నిలబడింది.

మీటింగ్‌లో అది చూపిస్తే ఒక సీనియర్ అందరి ముందూ, "అబద్ధాలకి అలవాటుపడ్డ వాళ్ల మీద ఇది పనిచేయదని ముందే చెప్పా కదా, నీకు డేటా తీయడం కూడా రాదా?" అన్నారు. అవమానంతో నోట మాట రాలేదు. ఆ మాట నేను మర్చిపోను. ఖైదీ అనగానే అబద్ధాలకోరని తేల్చేసేవాళ్లు ఈ పనికి పనికిరారు.

మర్నాడు వెళ్లి ఆయన్నే అడిగాను. కాసేపు ఊరుకుని, "అది మా పాప పేరు మేడమ్. చూసి ఆరేళ్లయింది" అన్నారు.

తప్పు పూర్తిగా నాదే. టెస్ట్‌కి ముందు మాటల లిస్టు చేతికిచ్చి, మీకు ఏ రకంగానైనా ముఖ్యమైన మాటలుంటే కొట్టేయండి అని అడగాలి. ఒక్కొక్కరికి నలభై నిమిషాలే ఇచ్చారని ఆ పని ఎగ్గొట్టాను. ఇలాంటి టెస్ట్ చేయబోతే మీరు మాత్రం కాళ్లావేళ్లా పడైనా ఇంకో పది నిమిషాలు అడగండి. చేయి ఆలస్యమైందంటే ఆ మాట ఆ మనిషికి ఏదో అయి ఉండాలి, అంతే. అది నేరం కానక్కర్లేదు. అసలు కేసుల్లోనూ అంతే, వివరాలు పేపర్లో వచ్చేశాక ఏ పాపం ఎరగనివాడి చేయి కూడా తడబడుతుంది.

మొదటి మూడు రోజుల డేటా పక్కన పెట్టి అందరికీ మళ్లీ చేశాను. ఈసారి లిస్టులో ఒకరు తమ్ముడి పేరు కొట్టేశారు, ఒకరు లాయర్ పేరు. ఆ పెద్దాయన సంగతి థీసిస్‌లో ఒక పేజీ రాశాను. దాన్ని రెండు లైన్లకి కుదించమంటున్నారు. నేను కుదించను.